జి.డి. నాయుడు

కోయంబత్తూరు జిల్లాలో సూలూరుకు సమీపాన కలంగల్ అనే గ్రామం ఉంది. ఈ ప్రాంతంలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక రైతు కుటుంబంలో 1893 మార్చి 23న గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించారు. ఆయనే జి.డి. నాయుడుగా ప్రసిద్ధి పొందారు.

పసితనంలోనే తల్లిని కోల్పోయిన ఆయనకు బడి చదువు ఒంటబట్టలేదు. ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలుపై రావడం చూశారు. ఎద్దులూ గుర్రాలూ లేకుండా బండి ఎలా నడుస్తుంది? ఈ ప్రశ్న ఆయనను ఇంట నిలువనీయలేదు. కోయంబత్తూరు చేరి, హోటలులో పనిచేసి, డబ్బు కూడబెట్టి ఆ బండిని కొన్నారు. దానిని పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి, దాని మర్మం తెలుసుకొన్నారు. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య ఒకే ఒక బస్సుతో రవాణా సంస్థను ప్రారంభించారు. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశపు తొలి విద్యుత్ మోటారును తయారుచేశారు.

నాయుడుగారికి ఫోటోగ్రఫీ అంటే ఎంతో మక్కువ. కెమెరా కూడా ఒక యంత్రమే కదా! అది వెలుతురు చొరబడని పెట్టె. దాని ముందు కటకం, వెనుక ఫిలిం ఉంటాయి. మీట నొక్కగానే షట్టరు క్షణకాలం తెరచుకొని, ఫిలింపై వెలుతురు పడుతుంది. వెలుతురు ఎక్కువైతే చిత్రం పాలిపోతుంది, తక్కువైతే నల్లబడుతుంది. వస్తువు ఉన్న దూరాన్ని బట్టి కటకాన్ని ముందుకో వెనుకకో జరపాలి. దూరం తప్పితే చిత్రం మసకబారుతుంది. ఆ కాలపు కెమెరాలలో చాలావాటికి దూరాన్ని కంటితోనే అంచనా వేయవలసి వచ్చేది. నాయుడుగారు ఈ ఇబ్బందిని గమనించి, ఫిలిం కెమెరాలలో దూరాన్ని సరిచేసే పరికరాన్ని రూపొందించారు.

1936 జనవరిలో లండనులో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను ఆయన స్వయంగా చలనచిత్రంగా తీశారు. కదలిపోయే ఊరేగింపు మన కోసం ఆగదు. తప్పిన దృశ్యం తిరిగి రాదు. పనిముట్టును క్షుణ్ణంగా ఎరిగినవారికే అక్కడ చేయి తడబడదు. గాంధీజీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోసు వంటి నాయకులను కూడా ఆయన తన కెమెరాలో బంధించారు.

విద్యుత్తుతో నడిచే క్షురకం, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్ పంకా వంటివెన్నో ఆయన తయారుచేశారు. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయ స్థాపనకు తోడ్పడి, దాని ప్రధానాచార్యులుగా పనిచేశారు. త్వరగా నేర్పగల పనిని ఏళ్ల తరబడి సాగదీయడం నచ్చక ఆ పదవిని వదులుకొన్నారు.

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాల ఆయన కృషికి సాక్ష్యంగా నిలిచింది.

బాలలారా! నేటి చేతిఫోనులోని కెమెరా దూరాన్నీ వెలుతురునూ తానే సరిచూసుకొంటుంది. అయినా లోపల ఏమి జరుగుతున్నదని అడిగే అలవాటును మనమే పెంచుకోవాలి. మన పొరుగూరి పల్లె బాలుడిని అంతటివాడిని చేసినది ఆ అలవాటే.