నడుము కట్టిన వీరుడు – కోడి రామమూర్తి నాయుడు

బలం అనగానే మనకు కండలు తిరిగిన చేతులే గుర్తుకొస్తాయి. చైతన్యపురి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వరకు కనిపించే జిమ్‌ల బోర్డుల మీద కూడా ఆ చేతులే ఉంటాయి. కానీ అసలు బలం ఎక్కడుందో తెలియాలంటే, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న మన తెలుగువాడి జీవితం చదవాలి. ఆయనే కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు.

రామమూర్తి 1880ల తొలినాళ్లలో వీరఘట్టంలో జన్మించారు. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనంలోనే తల్లి చనిపోవడంతో విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే పినతండ్రి నారాయణస్వామి ఇంట్లో పెరిగారు. అక్కడే కుస్తీ నేర్చుకున్నారు. తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం హైస్కూలులో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. మనకు పి.ఇ.టి. సార్ ఎలాగో ఆనాటి పిల్లలకు రామమూర్తి గారు అలాగ!

ఆ ఉద్యోగంతో ఆయన ఆగిపోలేదు. విజయనగరంలో సర్కస్ కంపెనీ స్థాపించి దేశమంతా తిరిగారు. ఛాతీకి ఇనుప గొలుసు బిగించుకుని, ఊపిరి పూరించి, ఒక్క ఉదుటున తెంచేవారు. గుండెల మీద చెక్క వేయించుకుని దానిమీద ఏనుగును నిలబెట్టుకునేవారు. కార్లకు కట్టిన గొలుసులు పట్టుకుని అవి ముందుకు కదలకుండా ఆపేవారు. వైస్రాయి లార్డ్ మింటో కారును కూడా ఇలాగే ఆపారని ప్రసిద్ధి. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల ముందు ప్రదర్శన ఇచ్చి, ఇండియన్ హెర్క్యులస్ అనే బిరుదు పొందారు. ఇంతా చేసి ఆయన శాకాహారి. మన హాస్టల్ పప్పన్నాన్ని చిన్నచూపు చూసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి!

ఈ విన్యాసాల్లో చేతుల పని కొంతే. అసలు పని ఊపిరిది, నడుముది. మన మొండెం ఒక డబ్బా లాంటిది. పైన ఊపిరితిత్తుల కింద ఉదరవితానం, ముందు పక్కల పొట్ట కండరాలు, వెనక వెన్నును పట్టి ఉంచే కండరాలు, అడుగున కటి కండరాలు. ఇవన్నీ ఒకేసారి బిగుసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి వెన్ను నిటారుగా నిలబడుతుంది. గాలి తగ్గిన వాలీబాల్ చేత్తో నొక్కితే సొట్టపోతుంది. గాలి నిండిన బంతి ఎదురు తిరుగుతుంది. రామమూర్తి గారి దేహం నిండిన బంతి. ఈ నడుము బలాన్నే ఇప్పుడు కోర్ స్టెబిలిటీ అంటున్నారు.

రామమూర్తి గారు కుర్రవాడిగా ఉన్నప్పుడే, 1895లో, అమెరికాలోని హోల్యోక్ పట్టణంలో విలియం మోర్గాన్ అనే వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షకుడు వాలీబాల్ ఆటను కనిపెట్టారు. ఇద్దరూ వ్యాయామ గురువులే. ఇద్దరూ 1942లోనే కన్నుమూశారు. మోర్గాన్ ఇచ్చిన ఆటకు రామమూర్తి గారి నడుము కావాలి. లిఫ్టర్ బంతి లేపగానే మనం ఎగిరి షాట్ కొడతాం. ఆ దెబ్బకు బలం భుజంలోనే పుట్టదు. నేలను తన్నిన కాళ్ల నుంచి నడుము మీదుగా భుజానికి చేరుతుంది. నడుము వదులైతే దారిలోనే సగం కారిపోతుంది. కిందికి దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. ఒళ్లు ఒరిగి ఒంటికాలి మీద పడితే మోకాలికి దెబ్బ. నెట్ దగ్గర ఎదుటివాడి పాదం మీద పడితే చీలమండ బెణుకు. వాలీబాల్‌లో అన్నిటికంటే ఎక్కువగా తగిలే దెబ్బ ఈ బెణుకే.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మనలాంటి వాళ్లకు కాలంటే ఆట ఒక్కటే కాదు. స్పోర్ట్స్ కోటా సీటు, కానిస్టేబుల్ ఈవెంట్స్, సెలవుల్లో కూలిపని అన్నీ ఆ కాలి మీదే నిలబడి ఉన్నాయి. బెణికిన కాలికి పట్టీ కట్టుకుని మర్నాడే కోర్టులో దిగేవారు ఒక్క నిమిషం ఆలోచించాలి. ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణకడం సులువు. బ్యాలెన్స్ సాధన ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి.

దీనికి జిమ్ ఫీజు అక్కర్లేదు. నేల మీద దుప్పటి పరిస్తే చాలు. మోచేతుల మీద ప్లాంక్ 20 నుంచి 30 సెకన్లు, తర్వాత రెండు పక్కలకూ సైడ్ ప్లాంక్. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం. ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం, అది వచ్చాక అలాగే నిలబడి మిత్రుడితో బంతి మార్చుకోవడం. చివరగా చిన్నగా ఎగిరి, మోకాళ్లు వంచి రెండు పాదాల మీద దిగి 3 సెకన్లు కదలకుండా ఉండటం. వారానికి మూడు రోజులు, రోజుకు పావుగంట చేస్తే చాలు. ఊపిరి మాత్రం బిగబట్టకండి. రామమూర్తి గారిది ఏళ్ల సాధన. నొప్పి, వాపు ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. వీటితోనే ఎత్తుకు ఎగిరిపోతామని అనుకోవద్దు. కాళ్లకు బస్కీలు, ఆటలో సాధన ఎలాగూ ఉండాల్సిందే.

రామమూర్తి గారి చివరి రోజులు కష్టంగా గడిచాయి. కాలికి పుండు లేచి, చివరకు ఆ కాలే తీసేయవలసి వచ్చింది. లక్షలు సంపాదించి దానధర్మాలకు ఖర్చు చేసిన ఆయన ఒడిశాలోని బలంగీర్‌లో రాజుగారి ఆదరణలో ఉంటూ, 1942 జనవరిలో సంక్రాంతి రోజుల్లో తుదిశ్వాస విడిచారు. ఈనాడు విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది.

ఏనుగును ఆపిన వీరుడు కూడా కాలి పుండును ఆపలేకపోయాడు. కాబట్టి మిత్రులారా, దేహం ఎంత బలమైనదైనా దాన్ని కాపాడుకోవాలి. ఆయన విన్యాసాలను అనుకరించకండి, ఆయన సాధనను అనుసరించండి. రేపు కోర్టులోకి దిగే ముందు బంతిలో గాలి చూసుకున్నట్టే, మన నడుము బలమూ చూసుకుందాం!