రైలు కంటే ముందు బల్ల: ఫ్రాంక్ హార్న్‌బీ జీవితం



సెలవులు దగ్గర పడుతున్నాయంటే పిల్లలు అడిగే వస్తువుల్లో బొమ్మ రైలు తప్పకుండా ఉంటుంది. మన రామసముద్రం వైపు రైలు పట్టాలు లేవు. రైలు చూడాలంటే సి.టి.ఎం. దగ్గరున్న మదనపల్లె రోడ్ స్టేషన్‌కు పోవాలి, లేదంటే కుప్పం పోవాలి. అందుకేనేమో, ఇక్కడి పిల్లలకు రైలంటే మరింత ముచ్చట. ఈ నెల బొమ్మ రైళ్లకు ప్రపంచమంతా పేరు తెచ్చిన ఫ్రాంక్ హార్న్‌బీ జీవితం తెలుసుకుందాం. దాంతో పాటు, ఆ రైలు నడవడానికి కావలసిన చెక్క బల్లను పిల్లలతో కలిసి ఇంట్లో ఎలా చేయవచ్చో కూడా చూద్దాం.

బడి వదిలేసిన కుర్రాడు

ఫ్రాంక్ హార్న్‌బీ 1863 మే 15న ఇంగ్లాండులోని లివర్‌పూల్ రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రిది సరుకుల వ్యాపారం. ఫ్రాంక్ చదువులో ముందున్న పిల్లవాడు కాదు. 16 ఏళ్లకే బడి మానేసి తండ్రి వ్యాపారంలో క్యాషియర్‌గా చేరాడు. పెద్ద ఇంజినీరింగ్ చదువు చదవలేదు, ఏ కార్ఖానాలోనూ పని నేర్చుకోలేదు. కానీ చిన్నప్పుడు శామ్యూల్ స్మైల్స్ రాసిన ‘సెల్ఫ్ హెల్ప్’ అనే పుస్తకం అతని చేతికొచ్చింది. కష్టపడి కొత్త వస్తువులు కనిపెట్టిన వాళ్ల కథలు అందులో ఉంటాయి. అవి చదివి తానూ ఏదో ఒకటి కనిపెట్టాలనుకున్నాడు. ఆగకుండా తిరుగుతూనే ఉండే యంత్రం చేయాలని కూడా ప్రయత్నించాడు. అలాంటి యంత్రం ఎవరికీ సాధ్యం కాదని ఈరోజు హైస్కూల్ పిల్లలకు కూడా తెలుసు. అతని ప్రయత్నమూ ఫలించలేదు. అయినా చేతులతో ఏదో ఒకటి చేసి చూసే అలవాటు మాత్రం పోలేదు.

1887లో క్లారా అనే ఆమెతో పెళ్లయింది. రోలండ్, డగ్లస్ అని ఇద్దరు కొడుకులు పుట్టారు. 1899లో తండ్రి చనిపోవడంతో కుటుంబ వ్యాపారం మూతపడింది. ఇల్లు గడవాలి కాబట్టి డేవిడ్ ఎలియట్ అనే మాంసం దిగుమతి వ్యాపారి దగ్గర హార్న్‌బీ లెక్కలు రాసే గుమాస్తాగా చేరాడు. అప్పటికి అతని వయసు 36.

సాయంత్రం వేళ నాన్న పని

పగలంతా లెక్కల పుస్తకాలు. సాయంత్రం ఇంటికొచ్చాక కొడుకుల కోసం బొమ్మలు చేసేవాడు. ఇంట్లోని చిన్న పనిగదిలో రేకును చేత్తో కత్తిరించి వంతెనలు, బళ్లు, క్రేన్లు తయారు చేసేవాడు. ఇందులో ఒక చిక్కు ఉండేది. క్రేన్ కోసం కత్తిరించిన ముక్క వంతెనకు పనికొచ్చేది కాదు. ఒక్కో బొమ్మకు మళ్లీ మొదటి నుంచి కత్తిరించాలి.

ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండి, వాటికి సమాన దూరంలో రంధ్రాలు ఉంటే ఒకే ముక్క ఈరోజు క్రేన్‌కు, రేపు వంతెనకు పనికొస్తుందని అతనికి తోచింది. అర అంగుళం వెడల్పు పట్టీలు, వాటి మీద అర అంగుళానికొక రంధ్రం పెట్టాడు. ఆ రంధ్రంలో బోల్టు వేస్తే రెండు ముక్కలు కలుస్తాయి. అదే రంధ్రంలో ఇరుసు దూర్చితే చక్రం తిరుగుతుంది. మొదట్లో నట్లు, బోల్టులు కూడా తానే చేసుకున్నాడు.

1901 జనవరిలో ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. దానికి కావలసిన 5 పౌండ్లు చేతిలో లేక యజమాని ఎలియట్ దగ్గరే అప్పు చేశాడు. ఎలియట్ అప్పు ఇవ్వడమే కాదు, తన ఆఫీసు పక్కన చోటు కూడా ఇచ్చి భాగస్వామిగా చేరాడు.

1902లో మొదటి పెట్టెలు అంగళ్లకు వచ్చాయి. మొదట్లో అమ్మకాలు అంతంత మాత్రమే. హార్న్‌బీ పట్టు వదల్లేదు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ విభాగం పెద్దగా ఉన్న ప్రొఫెసర్ హీల్ షాకు తన పెట్టెను చూపించాడు. పిల్లలకు యంత్రాల సూత్రాలు నేర్పడానికి ఇది పనికొస్తుందని ఆయన మెచ్చుకున్నాడు. లాభం కళ్లజూడటానికి మాత్రం 1906 దాకా ఆగాల్సి వచ్చింది. 1907లో ‘మెకానో’ అనే పేరు నమోదైంది. ఆ తర్వాతి సంవత్సరం మెకానో లిమిటెడ్ కంపెనీ ఏర్పడింది. అప్పటికి ఎలియట్ తప్పుకున్నాడు. గుమాస్తా ఉద్యోగం వదిలిన హార్న్‌బీ ఒక్కడే కంపెనీని నడిపాడు. 1914లో లివర్‌పూల్ బిన్స్ రోడ్‌లో పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది.

నేల మీది నుంచి బల్ల మీదికి

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బొమ్మ రైళ్లంటే జర్మనీవే. యుద్ధం తర్వాత 1920లో హార్న్‌బీ తన పేరుతోనే రైళ్లు విడుదల చేశాడు. కీ ఇస్తే నడిచే రైళ్లవి. తొలి రైళ్లను కూడా మెకానో లాగే నట్లు, బోల్టులతో విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. రైలు నడిపే పిల్లవాడికి దాని లోపల ఏముందో కూడా తెలియాలన్నది ఆయన పద్ధతి. 1925లో కరెంటుతో నడిచే రైలు వచ్చింది.

ఆ రైళ్లకు పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. పెద్ద రైళ్లు కాబట్టి పిల్లలు ఎక్కువగా నేల మీదే పట్టాలు పరుచుకుని ఆడుకునేవారు. భోజనాల వేళకు తీసేయాలి, మర్నాడు మళ్లీ పరచాలి. 1938లో ఆ కంపెనీ పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లే ఉండే చిన్న రైళ్లను తెచ్చింది. ఇవి బల్ల మీద నడిచే రైళ్లు. కుప్పం మీదుగా పోయే బ్రాడ్ గేజ్ లైనులో పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. అంటే బల్ల మీది పట్టాల దూరం అందులో దాదాపు నూరో వంతు. నేటికీ ఎక్కువగా దొరికే మోడల్ రైళ్లకు ఇదే కొలత.

ఈ చిన్న రైళ్లను చూసే అవకాశం హార్న్‌బీకి లేకపోయింది. 1931 నుంచి 1935 వరకు ఎవర్టన్ నుంచి పార్లమెంటు సభ్యుడిగా ఉన్న ఆయన, 1936 సెప్టెంబరు 21న 73వ ఏట కన్నుమూశాడు. తండ్రి సాయంత్రాలు ఎవరి కోసం రేకు కత్తిరించాడో, ఆ రోలండే తర్వాత కంపెనీ బాధ్యత తీసుకున్నాడు.

ఇంట్లో రైలు బల్ల

రైలు చిన్నదయ్యే కొద్దీ కింది బల్ల సరిగ్గా ఉండటం ముఖ్యమవుతుంది. పట్టాల అతుకు దగ్గర కొంచెం ఎత్తుపల్లాలున్నా చిన్న చక్రం పట్టా దిగుతుంది. నూరు రూపాయల రైలైనా, పదివేల రైలైనా తేడా లేదు. అందుకే రైలు కొనే ముందు బల్ల చేసుకోవాలి. ఇందులో కొలతలు, గుర్తులు పెట్టడం, జిగురు పూయడం, చేత్తో స్క్రూ బిగించడం పిల్లలు చేయాలి. రంపం, డ్రిల్లు పెద్దల చేతిలోనే ఉండాలి.

కావలసినవి: 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 4 అడుగులు × 3 అడుగుల ముక్క ఒకటి (అంగట్లోనే కోయించుకోండి), 2 అంగుళాలు × 1 అంగుళం బద్దెలు 10 అడుగులవి రెండు, స్క్రూలు, చెక్క జిగురు, శాండ్ పేపర్, టేపు, మూలమట్టం, రసమట్టం.

మొదటిది, ఎండిన కర్ర ఎంచుకోండి. పచ్చి కర్ర మన ఎండలకు ఆరుతూ మెలి తిరుగుతుంది. బద్దెను ఒక కంటితో పొడుగునా చూస్తే వంకర తెలిసిపోతుంది. అది చూడటం మీ ఊరి వడ్రంగి దగ్గర పిల్లలు నేర్చుకోవచ్చు.

రెండోది, కోత లెక్క. 48 అంగుళాల ముక్కలు రెండు, 34 అంగుళాలవి నాలుగు కావాలి. 34 ఎందుకు? 3 అడుగుల వెడల్పులోంచి రెండు వైపులా బద్దె మందం తీసేయాలి కాబట్టి. చిత్రిక పట్టిన బద్దె అంగుళం కంటే తక్కువ ఉండవచ్చు, ముందు కొలిచి లెక్క మళ్లీ వేయండి. ఒక్కో 10 అడుగుల బద్దెలో ఒక పొడుగు ముక్క, రెండు పొట్టి ముక్కలు వస్తాయి. ఎంత మిగులుతుందో పిల్లలనే చెప్పమనండి.

మూడోది, బద్దెలను పడుకోబెట్టకుండా నిలబెట్టి బిగించండి. 2 అంగుళాల వైపు నిలువుగా ఉంటే, అదే బద్దె వంగకుండా నాలుగు రెట్లు గట్టిగా నిలుస్తుంది. పిల్లలు స్కేలును పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి వంచి చూస్తే ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

నాలుగోది, చట్రం. రెండు పొడుగు బద్దెల మధ్య పొట్టి బద్దెలు నాలుగు: రెండు చివర్లలో, రెండు మధ్యలో సమాన దూరంలో. స్క్రూ వేసే ముందు సన్నటి రంధ్రం వేయాలి, లేకపోతే కర్ర పగులుతుంది. జిగురు ఆరేలోపు ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టండి. భుజాలు 3, 4 అడుగులు కాబట్టి కర్ణం సరిగ్గా 5 అడుగులు రావాలి. పాఠంలో చదివిన పైథాగరస్ సిద్ధాంతం ఇదే. రెండు కర్ణాలూ 5 అడుగులు వస్తే చట్రం మూలలు సరిగ్గా ఉన్నట్టు. ఒకటి పొడుగొస్తే ఆ రెండు మూలలను మెల్లగా లోపలికి నొక్కి మళ్లీ కొలవండి.

ఐదోది, ప్లైవుడ్ బిగించే ముందే మధ్య బద్దెల్లో వైర్లు పోవడానికి రంధ్రాలు వేయండి. బద్దె ఎత్తులో సరిగ్గా మధ్యన వేస్తే బలం తగ్గదు. తర్వాత జిగురు పూసి ప్లైవుడ్ పరిచి, స్క్రూ తలలు పైకి రాకుండా లోపలికి దించండి. రసమట్టం పెట్టి చూసి, గరుకు తీసేసి, రెండు వైపులా రంగు వేస్తే వానాకాలం తేమకు ఉబ్బదు. పట్టాల కింద కార్క్ షీటు వేస్తే చప్పుడు తగ్గుతుంది.

ఈ బల్ల మీద 371 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులతో ఒక చుట్టు పట్టాలు పడతాయి. చాలా చిన్న సెట్లలో వచ్చే మలుపు ఇదే. రైలుకు దానితో వచ్చే 12 వోల్టుల కంట్రోలర్‌నే వాడాలి. ఇంటి కరెంటు పట్టాల దాకా ఎప్పుడూ రాకూడదు.

ఎవరి చేతి పని?

మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు కూడా చిన్నప్పుడు ఒక గడియారాన్ని ముక్కలుగా విప్పి, తిరిగి అమర్చేదాకా బడికి పోనన్నారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. చదువులో మందకొడి అని పేరుపడిన పిల్లవాడు ఒక పనిలో అంత పట్టుదల చూపాడు. మార్కుల కాగితం మీద ఈ పట్టుదల కనపడదు. ఇంట్లో పక్కన కూర్చున్న అమ్మకో నాన్నకో కనపడుతుంది.

ప్రాజెక్టు ఇవ్వగానే స్టేషనరీ అంగట్లో తయారైన మోడల్ కొని పంపే ఇళ్లు ఉన్నాయి. రాత్రి పదింటికి తల్లే అంతా చేసి, పిల్లవాడు నిద్రపోయే ఇళ్లూ ఉన్నాయి. పనుల ఒత్తిడి మాకు తెలుసు. కానీ అలా వచ్చిన మోడల్ ఎంత అందంగా ఉన్నా అందులో పిల్లలు నేర్చుకున్నది ఏమీ ఉండదు. మూల కొంచెం వంకరైన బల్లైనా, ఎందుకు వంకరైందో పిల్లవాడు చెప్పగలిగితే అతనికి ఒక పాఠం వచ్చినట్టే.

బిన్స్ రోడ్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. దానికి ముందే, 1964లో కంపెనీ చేతులు మారింది. అయినా హార్న్‌బీ పేరుతో రైళ్లు ఈరోజుకీ వస్తున్నాయి. వాటి వెనుక ఉన్నది, ఆఫీసు నుంచి అలసి వచ్చి కూడా కొడుకుల పక్కన కూర్చున్న ఒక గుమాస్తా సాయంత్రాలు.

ఈ సెలవుల్లో రెండు ఆదివారాలు కేటాయించండి. మొదటి ఆదివారం కొలతలు, కోత, చట్రం. రెండో ఆదివారం ప్లైవుడ్, రంగు. రైలు తర్వాత కొనవచ్చు. బడి తెరిచాక మీ పిల్లలు క్లాస్ టీచర్‌కు బల్ల ఫోటో చూపించి, రెండు కర్ణాల కొలతలు చెబితే చాలు.