విశ్వ విస్తరణను తెలిపిన గురువు: జార్జి లెమేత్ర్

వేసవి రాత్రులలో మిద్దెల మీద పడుకొని నక్షత్రాలు చూడడం మన కమలాపురం వారికి అలవాటే. కాలేజీ చదివే పిల్లలు, విశ్వమంతా పెద్ద పేలుడుతో పుట్టిందట, అది ఎక్కడ పేలింది అని అడిగితే, అవి నాస్తికుల మాటలని మేము త్రోసివేసేవారము. ఆ సిద్ధాంతమునకు పునాది వేసినవారిలో ముఖ్యులు ఒక కథోలిక గురువు అని తెలిసిన నాడు సిగ్గుపడితిమి.

లెమేత్ర్ గారు 1894 జూలై 17న బెల్జియములోని షార్లెరువాలో జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధములో ఫిరంగి దళమున పనిచేసి, 1923లో గురుపట్టాభిషేకము పొందారు. కేంబ్రిడ్జిలో ఎడింగ్టన్ గారి వద్ద చదివి, లూవెన్ విశ్వవిద్యాలయములో ఆచార్యులయ్యారు. గెలాక్సీలు దూరము కొలది ఎక్కువ వేగముతో తొలగిపోవుచున్నవని, విశ్వమే విస్తరించుచున్నదని 1927లో గణితముతో చూపారు. ఐన్‌స్టీన్ గారు లెక్కను ఒప్పుకొన్నారు గాని భావమును ఒప్పుకొనలేదు. 1929లో హబుల్ గారి పరిశీలనలు వెలువడిన పిమ్మటనే లోకము చెవియొగ్గింది.

పేలుడు అనగానే మనకు తోచేది రాతి గనిలో మందు పేలడము: మధ్యన ఒక చోటు, చుట్టూ ఎగిరిపడే ముక్కలు. విశ్వము సంగతి అట్టిది కాదు. ఎర్రగుంట్ల, కమలాపురం, కడప స్టేషన్ల మధ్య నేలయే సాగుచున్నదనుకొందాము. మనకు అటు ఎర్రగుంట్ల, ఇటు కడప రెండూ దూరమవుతాయి. మనమే నడుమనున్నామని అతిశయపడవచ్చును! కాని కడపవారికి మనమూ దూరమవుతాము, ఎర్రగుంట్ల మరింత వేగముగా దూరమవుతుంది. అందరికీ అట్లే కనబడునప్పుడు కేంద్రమెక్కడ? విస్తరించుటకు వెలుపల ఖాళీ స్థలమూ అక్కరలేదు. ఆకర్షణశక్తి పట్టి ఉంచిన సూర్యకుటుంబము గాని, మన ఇండ్లు, దేహములు గాని సాగవు.

1931లో ఆది అణువు భావమును ప్రతిపాదించిన లెమేత్ర్ గారు తామే బాణసంచా పోలిక వాడారు. జనుల అపార్థములో ఆ పోలికకూ కొంత పాలున్నదని మా అభిప్రాయము.

1951లో పన్నెండవ పయస్ పోపుగారు ఈ సిద్ధాంతము సృష్టికి సాక్ష్యమన్నట్లు ప్రసంగించారు. మనమైతే సంబరపడి ఉందుము. లెమేత్ర్ గారు మాత్రము కలతచెందారు. విజ్ఞానమును విశ్వాసమునకు ఋజువుగా నిలబెట్టుట వారికి సమ్మతము కాదు. రేపు లెక్క మారితే విశ్వాసమేమి కావలెను? వాటికను వేధశాల అధిపతితో ఈ విషయము మాట్లాడారు. అయినను 1960 నుండి పోపుగారి విజ్ఞాన అకాడమీకి వారే అధ్యక్షులు.

తొలినాటి వేడికి అవశేషమైన వికిరణము కనుగొనబడినదను వార్త, వారు జబ్బుపడి ఉండగా చెవినిపడింది. 1966 జూన్ 20న కన్నుమూశారు. దూరమునకు, వేగమునకు గల నియమమును హబుల్-లెమేత్ర్ నియమమని పిలువవలెనని అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2018లో సిఫారసు చేసింది.