ఘోషా వీడి బడి పెట్టిన సుగ్రా బేగం

నిఖా వేళ పెళ్ళికూతురి సమ్మతి అడగడం, మహర్ ఎంతో రాయించడం తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో అందరూ చూసిన తంతే. సమ్మతి లేని నిఖా చెల్లదు. మహర్ సొమ్ము భార్య సొంతం. తండ్రి ఆస్తిలో కొడుక్కి రెండు వాటాలైతే కూతురికి ఒక వాటా. పిల్లలున్న వితంతువుకు భర్త ఆస్తిలో ఎనిమిదో వంతు. ఖురాన్ ఇచ్చిన హక్కులే ఇవి. అయితే వేలిముద్ర వేసే ఆడపిల్లకు తనకేం రావాలో ఎవరు చెబుతారు?

ఆడపిల్లల చదువుకే ఆస్తినీ, ఆయుష్షునూ ధారపోసిన మహిళ సుగ్రా హుమాయూన్ మీర్జా. 1884లో హైదరాబాదులో పుట్టారు. తండ్రి సఫ్దర్ అలీ మీర్జా నిజాం సైన్యంలో డాక్టరు. ఆ రోజుల్లో పెద్దింటి ఆడపిల్ల గడప దాటేది కాదు. ఉర్దూ, పారశీకం ఇంట్లోనే నేర్చుకున్నారు. 1901లో పాట్నాకు చెందిన బారిస్టరు సయ్యద్ హుమాయూన్ మీర్జాతో పెళ్ళయింది. చదువుకున్న భార్య కలం పడితే చిన్నతనం అనుకునే మనిషి కాదాయన. వెన్నుదన్నుగా నిలిచారు.

హైదరాబాదులో ఘోషా వదిలి బయటకు వచ్చిన తొలి ముస్లిం మహిళల్లో ఆమె ఒకరు. అప్పట్లో అది మాటలు కాదు. విచిత్రమేమంటే కవితలకు ఆమె పెట్టుకున్న కలంపేరు 'హయా', అంటే సిగ్గు. ఖురాన్ ఆ సిగ్గును ఆడవారికే కాదు, మగవారికీ చెప్పింది. చూపు దించుకోమని ముందు చెప్పింది మగవారికే. ఈ సంగతి చాలామంది మరచిపోతుంటారు.

ఆమె నవలలు రాశారు, ఇరాక్, యూరప్ యాత్రల విశేషాలు రాశారు. 1919లో 'అన్నిసా' అనే మహిళల పత్రిక ప్రారంభించి కొన్నేళ్ళపాటు నడిపారు. ఆడవారి కోసం ఆడమనిషే సంపాదకురాలు కావడం ఆ కాలంలో అరుదు.

అన్నిటికంటే పెద్ద పని 1934లో జరిగింది. హైదరాబాదు హుమాయూన్ నగర్‌లో ఆడపిల్లలకు బడి తెరిచారు. తండ్రి పేరిట దానికి సఫ్దరియా అని పేరు పెట్టారు. సొంత ఆస్తినే దానికి రాసిచ్చారు.

ఆ బడి నడుస్తుండగానే 1937లో బ్రిటిష్ ఇండియాలో షరియత్ చట్టం వచ్చింది. ఆచారం పేరిట ఆడవారికి వాటా ఎగవేయడం కుదరదని దాని సారాంశం. కాని వ్యవసాయ భూమిని వదిలేశారు. పల్లెల్లో ఆస్తంటే పొలమే కదా! అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన ప్రాంతానికి 1949 సవరణతో ఆ లోపం తీరింది. పొలంలోనూ కూతురి వాటా కూతురిదే అయింది.

సుగ్రా బేగం 1958లో కన్నుమూశారు. ఆమె పోయాక కూడా సఫ్దరియా బడిలో ఆడపిల్లల తరగతులు ఆగలేదు.