తోళ్ళ తొట్టె పక్కన పుట్టిన పాశ్చర్



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే లూయీ పాశ్చర్ గురించి రాస్తానన్నాను. పిచ్చికుక్క కాటుకు టీకా కనిపెట్టినవాడిగా ఆయన మీ అందరికీ తెలుసు. నేను చెప్పబోయేది అంతకు ముందు కథ. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో నేను చదువుతున్న పాఠాలకు మొదలు అక్కడే.

1822 డిసెంబరు 27న ఫ్రాన్సులోని దోల్ పట్టణంలో పుట్టాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో సార్జెంటుగా చేసి, తిరిగొచ్చి తోళ్ళు పదును చేసే పని పెట్టుకున్నాడు. అక్కడ తోలుపనికి అంటరానితనం అంటలేదు. ఆ తేడా మనం మరచిపోకూడదు. అయినా అది కలిగిన ఇల్లు కాదు. 1838 అక్టోబరులో, పదహారేళ్ళు నిండకముందే, చదువు కోసం పారిస్‌లో ఒక హాస్టల్లో చేర్చారు. కొద్ది వారాలకే బెంగ పట్టుకుంది. నాన్న తోళ్ళ తొట్టెల వాసన ఒక్కసారి పీలిస్తే చాలు, బాగైపోతానని తోటివాడితో అన్నాడట. చివరికి తండ్రే వచ్చి ఇంటికి తీసుకుపోయాడు.

నేనూ ఆరో తరగతిలో చేరిన వారానికే చల్లపల్లి బస్సెక్కి దివిసీమలోని మా ఊరికి పారిపోయాను. మా తాత కూడా తంగేడు చెక్క నానబెట్టి తోళ్ళు పదును చేసేవాడు. కానీ ఆ వాసన గుర్తొస్తోందని నేను ఎవరికీ చెప్పలేదు. తాత ఏం చేస్తాడని అడిగితే వ్యవసాయం అనేవాణ్ణి.

పాశ్చర్ 1842లో మళ్ళీ అదే హాస్టల్‌కు వెళ్ళాడు. పొద్దున్నే చిన్న తరగతుల వాళ్ళకు లెక్కలు చెప్పి, ఫీజులో మూడో వంతు మాత్రమే కట్టేవాడు. ఆ ఏడాది పరీక్షలో ఆయనకు కెమిస్ట్రీలో వచ్చినవి అంతంత మాత్రం మార్కులే!

ఇక అసలు సంగతి. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకు ఇది తేలిక. చెక్క అచ్చు మీద మామిడిపిందె తోక ఎడమకు వంగితే గుడ్డ మీద కుడికి పడుతుంది. అచ్చునూ గుడ్డనూ పక్కపక్కన పెట్టి చూడండి. గీతలన్నీ అవే, వంపు మాత్రం తిరగబడుతుంది. అణువుల్లోనూ ఇలాంటి జంటలున్నాయి.

మన చారులో చింతపండు పులుపు చాలావరకు టార్టారిక్ ఆమ్లానిదే. ద్రాక్షలోనూ అదే ఉంటుంది. దాని ద్రావణం ధ్రువిత కాంతిని కుడికి తిప్పుతుంది. అదే సూత్రం ఉన్న ఇంకో ఆమ్లం మాత్రం కాంతిని ఎటూ తిప్పేది కాదు. 1848లో పాతికేళ్ళ పాశ్చర్ ఆ రెండో ఆమ్లపు లవణాన్ని స్ఫటికాలు కట్టించి, భూతద్దం కింద చూశాడు. స్ఫటికాలు రెండు రకాలు, ఒకదానికొకటి అద్దంలో బొమ్మ. చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు పోశాడు. ఒక కుప్ప కాంతిని కుడికి తిప్పింది, రెండోది ఎడమకు. డెబ్బై దాటిన బియో అనే శాస్త్రవేత్త నమ్మక, తన కళ్ళెదుటే మళ్ళీ చేయించాడు. మళ్ళీ అదే ఫలితం. ఆ స్ఫటికాలు అలా విడివిడిగా కట్టాలంటే వేడి సుమారు 27 డిగ్రీలు దాటకూడదు. మే నెల బందరులో చేసి ఉంటే ఏమీ దక్కేది కాదు.

కానీ పట్టకారుతో ఎంతని ఏరతాం? పైగా చాలా పదార్థాలు అలా విడిగా స్ఫటికాలు కట్టవు కూడా. 1850ల చివర్లో ఆయనకు దారి చూపింది బూజు. రెండు రూపాలూ కలిసిన ద్రావణంలో పెరిగిన సూక్ష్మజీవులు కుడి రూపాన్నే తిని, ఎడమ రూపాన్ని వదిలేశాయి. ఆ ఎంపిక చేసేవి వాటిలోని ఎంజైములని తరువాతి కాలంలో తెలిసింది. ఎడమకాలి బూటులో కుడికాలు పట్టనట్టు, ఎంజైములో తప్పు రూపం ఇమడదు.

మన శరీరపు ప్రోటీన్లలో ఎమైనో ఆమ్లాలు ఎడమ రూపానివే. ఫ్యాక్టరీలో మామూలుగా తయారు చేస్తే రెండు రూపాలూ సగం సగం వస్తాయి. మందుకు ఒక్కటే కావాలి. జ్వరమొస్తే మనం మింగే అమాక్సిసిలిన్‌లో ఒక ముక్క కుడి రూపపు ఎమైనో ఆమ్లం. దాన్ని బాక్టీరియా ఎంజైములతోనే శుద్ధంగా తీస్తారు. 2008లో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కొన్న ఇంగ్లండు విభాగం చిరోటెక్, సముద్రంలోని వేడినీటి ఊటల్లో బతికే ఒక సూక్ష్మజీవి ఎంజైముతో టన్నులకొద్దీ ఎడమ రూపపు ఎమైనో ఆమ్లాలు చేసింది. అంత వేడిలో పుట్టిన ఎంజైము గనుక తొందరగా పాడవదు.

తరువాతి జీవితం మీరు పాఠాల్లో చదివిందే, త్వరగా చెప్తాను. ముగ్గురు కూతుళ్ళు చిన్నతనంలోనే పోయారు, ఇద్దరు టైఫాయిడ్‌తో. 1868లో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. 1885లో కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి టీకా వేసింది ఆ తరువాతే. 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు.

ఒక్క సంగతి మిగిలింది. 1883 జూలై 14న దోల్ పట్టణంలో ఆయన పుట్టిన ఇంటికి శిలాఫలకం పెట్టారు. అప్పటికే ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. ఆ సభలో తన పరిశోధనల ఊసు పక్కనబెట్టి, అమ్మ గురించి, తోళ్ళు పదును చేసిన నాన్న గురించి మాట్లాడుతూ కదిలిపోయాడు. ఆయన పుట్టినప్పుడు ఆ వీధి పేరు తోళ్ళవాళ్ళ వీధి.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు, తాత తొట్టె ఎక్కడుండేదో చూపించమని మా మామ్మను అడిగాను. పెరట్లో చింతచెట్టు కింద, ఇప్పుడు గేదెను కట్టేస్తున్న చోటు చూపించింది.