నిజాంసాగర్ కట్టించిన ఇంజనీర్.. ఆయన లెక్కకు అందని పూడిక! ఎవరీ అలీ నవాజ్ జంగ్?

బాన్సువాడ: వానాకాలం మొదలైతే చాలు, బాన్సువాడ, బీర్కూర్, వర్ని, కోటగిరి వైపు రైతులు రోజూ అడిగే మాట ఒకటే. నిజాంసాగర్‌లో నీళ్లు ఎన్ని ఉన్నాయి? కాల్వ ఎప్పుడు వదులుతారు? ఆ జవాబును బట్టే నారు పోయాలా వద్దా, నాట్లు ఎన్ని ఎకరాల్లో వేయాలన్నది తేలుతుంది. ఈ లెక్క దాదాపు 90 ఏళ్లుగా నడుస్తోంది. మరి ఈ నీళ్ల వెనకున్న మనిషి పేరు ఈ ఆయకట్టులోనే ఎంతమందికి తెలుసు? జులై 11న తెలంగాణ ఇంజనీర్స్ డే జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. ఆయనే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

హైదరాబాద్ టు లండన్

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి మీర్ వాయిజ్ అలీ నిజాం ప్రభుత్వంలో అధికారి. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, మదర్సా-ఎ-ఆలియా, తర్వాత నిజాం కాలేజీ.. చదువంతా హైదరాబాద్‌లోనే సాగింది. 1896లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ రావడంతో ఇంగ్లండ్ వెళ్లారు. అక్కడ చేరింది మామూలు కాలేజీలో కాదు. లండన్‌కు దగ్గర్లోని కూపర్స్ హిల్‌లో ఉన్న రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజీ అది. ఇండియాలో కాల్వలు, రోడ్లు, వంతెనలు కట్టే ఇంజనీర్లను తయారుచేయడం కోసమే 1872లో తెరిచారు. 1906లో మూసేశారు.

1899లో చదువు ముగించుకుని వచ్చి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీర్‌గా చేరారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. ఆ తర్వాత మెట్టు మెట్టుగా ఎదిగి, 1918కల్లా చీఫ్ ఇంజనీర్ అయ్యారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అన్నది నిజాం ఇచ్చిన బిరుదు. చివరికి బిరుదే పేరుగా స్థిరపడిపోయింది.

మూసీ నేర్పిన పాఠం

ఆయన ఉద్యోగంలో చేరిన తొమ్మిదేళ్లకే 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. వరద నుంచి నగరాన్ని కాపాడే మార్గం చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచన మేరకే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. హిమాయత్‌సాగర్ పూర్తయ్యేనాటికి శాఖ పగ్గాలు అలీ నవాజ్ జంగ్ చేతిలోనే ఉన్నాయి.

నీళ్లను ఆపితే వరద తగ్గుతుంది, తాగునీరూ దొరుకుతుంది. మరి అదే పని ఊళ్లలో చేస్తే? కరువొచ్చినా పంట నిలుస్తుంది. అప్పటిదాకా తెలంగాణ సేద్యం చాలావరకు చెరువుల మీదే నడిచింది. చెరువు నిండాలంటే ఆ ఊరి చుట్టుపక్కల వాన పడాలి. పెద్ద నదిని ఆపితే మాత్రం ఎక్కడో పడిన వాన కూడా మన పొలానికి వస్తుంది. ఈ ఆలోచన బాన్సువాడ ప్రాంతం తలరాతను మార్చేసింది.

మంజీరకు అడ్డుకట్ట

మంజీర నది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ నది మీద అచ్చంపేట దగ్గర 1923లో నిజాంసాగర్ పనులు మొదలయ్యాయి. 1931లో పూర్తయ్యాయి. డ్యామ్ పొడవు దాదాపు 3 కిలోమీటర్లు. కట్ట మీద 14 అడుగుల వెడల్పున రోడ్డు. అప్పట్లో నిల్వ సామర్థ్యం 29.7 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. లక్ష్యం 2.75 లక్షల ఎకరాలకు సాగునీరు.

ఇది ఊరికే రాలేదు. రిజర్వాయర్ కోసం దాదాపు 40 ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఈ కాల్వ కింద పండిన ప్రతి గింజలో ఆ ఊళ్ల వాటా కూడా ఉందన్నది మరిచిపోకూడదు.

కాల్వ వచ్చాక ఇక్కడి బతుకే మారింది. జొన్న, మొక్కజొన్న పండే నేలల్లో వరి, చెరకు నిలబడ్డాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు ఊరి పేరు చివర 'క్యాంపు' అని కనిపిస్తుందే, ఆ ఊళ్లు అలా పుట్టినవే. చెరకు దండిగా రావడంతో 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. 2015లో మూతపడేదాకా అదే ఈ ప్రాంతానికి గుర్తింపు. నిజామాబాద్ దగ్గర కాల్వ నీళ్లు చేరే అలీసాగర్‌కు ఆ పేరు వచ్చింది కూడా ఈ ఇంజనీర్ పేరు మీదే.

రాష్ట్రం దాటిన పేరు

1929లో బొంబాయి ప్రభుత్వం సింధు నది మీద సుక్కూర్ బ్యారేజీ కడుతోంది. ఆ ప్రాజెక్టును పరిశీలించేందుకు ఇద్దరు ఇంజనీర్లను పిలిచింది. ఒకరు విశ్వేశ్వరయ్య, రెండోవారు అలీ నవాజ్ జంగ్. 1938లో సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు నెహ్రూ ఛైర్మన్‌గా జాతీయ ప్రణాళికా కమిటీ ఏర్పడింది. అందులో నదులు, సాగునీటి ఉపసంఘం అధ్యక్ష బాధ్యత అలీ నవాజ్ జంగ్‌కే అప్పగించారు. స్వాతంత్ర్యం రాకముందే దేశం మొత్తానికి నీటి ప్రణాళిక గీసే పని అది.

తుంగభద్ర మీద హైదరాబాద్, మద్రాసు ప్రభుత్వాల మధ్య ఏళ్ల తరబడి నలిగిన వివాదానికి 1944లో ఒప్పందం కుదిరింది. అందులో హైదరాబాద్ తరఫున ఆయన పాత్ర కీలకం. ఆ తర్వాతే డ్యామ్ పనులు మొదలయ్యాయి. అది పూర్తయ్యేదాకా ఆయన లేరు. 1949 డిసెంబర్ 6న కన్నుమూశారు.

లెక్క ఎక్కడ తప్పింది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నది నీళ్లతో పాటు మట్టినీ మోసుకొస్తుంది. ప్రవాహం వేగంగా ఉన్నంతసేపు ఆ మట్టి నీళ్లలోనే కొట్టుకుపోతుంది. డ్యామ్ దగ్గర నీళ్లు నిలిచిపోగానే అడుగుకు చేరుతుంది. అదే పూడిక. ఏ ప్రాజెక్టుకైనా డిజైన్ చేసేటప్పుడే ఏడాదికి ఇంత పూడిక వస్తుందని ఒక అంచనా వేసుకుంటారు.

నిజాంసాగర్‌కు వేసుకున్న అంచనా ఏడాదికి 530 ఎకరా-అడుగులు. అంటే 530 ఎకరాల మీద అడుగు మందాన మట్టి అన్నమాట. కానీ తర్వాతి సర్వేల్లో తేలింది ఎంతో తెలుసా? ఏడాదికి 8,725 ఎకరా-అడుగులు! అనుకున్నదానికి 16 రెట్లకు పైనే. మొదటి అంచనా ప్రకారం ఒక టీఎంసీ జాగా పూడిపోవడానికి 43 ఏళ్లు పట్టాలి. జరిగింది చూస్తే రెండున్నరేళ్లు దాటగానే ఒక టీఎంసీ పోయింది. అలా 1970ల మొదటికల్లా 29.7 టీఎంసీల రిజర్వాయర్ కాస్తా 12 టీఎంసీల దగ్గరకు పడిపోయింది. ఎత్తు పెంచి కొంత వెనక్కి తెచ్చుకున్నాం. ఇప్పుడు 1405 అడుగుల పూర్తి మట్టానికి నిల్వ 17.8 టీఎంసీలు.

ఇది ఒక్క నిజాంసాగర్ కథే కాదు. తుంగభద్రలోనూ అంచనాకు నాలుగు రెట్లకు పైగా పూడిక వచ్చిందని అప్పటి లెక్కలు చెప్పాయి. సుమారు 133 టీఎంసీలతో మొదలైన ఆ డ్యామ్ ఇప్పుడు 105 టీఎంసీల వద్ద ఉంది.

మరి తప్పు ఇంజనీర్‌దేనా? అలా అనేస్తే సరిపోదు. 1920ల్లో మన నదులు ఎంత మట్టి మోస్తాయో చెప్పే ఏళ్ల తరబడి కొలతలు లేవు. పైగా డ్యామ్ కట్టాక ఎగువన ఏం జరిగిందన్నది కూడా లెక్కే. అడవి పోయి, వాలు నేలలు సాగులోకి వచ్చి, గట్లు లేక మట్టి కోసుకుపోతే.. అదంతా వచ్చి చేరేది దిగువ రిజర్వాయర్‌లోనే. కట్టడం మాత్రం గట్టిగానే నిలబడింది. ఇదే కామారెడ్డి జిల్లాలో ఆ కాలంలోనే కట్టిన పోచారం డ్యామ్ 2025 ఆగస్టు నాటి భారీ వరదను తట్టుకుని నిలిచింది కదా! రాయి అరగలేదు. తరిగింది లోపలి జాగా.

ఇప్పుడు కావాల్సింది ఏంటి?

1980ల చివర్లో ఎగువన సింగూరు వచ్చింది. హైదరాబాద్ దాహం తీర్చే క్రమంలో నిజాంసాగర్‌కు వచ్చే నీళ్లు తగ్గాయి. 2021లో కాళేశ్వరం నీళ్లను కొండపోచమ్మసాగర్ నుంచి హల్దీ వాగు, మంజీర మీదుగా ఇక్కడికి తెచ్చారు. కానీ ఎన్ని నీళ్లు తెచ్చినా పట్టే గిన్నె చిన్నదైతే ఏం లాభం? ఆ లోటు మొదట తగిలేది కాల్వ చివరి తూము కింది రైతుకే.

దారి లేకపోలేదు. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది ఈ జిల్లా సదాశివనగర్‌లోనే. అప్పుడు చెరువుల పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లలో తీసుకెళ్లి పొలాల్లో వేసుకున్నారు. ఎరువు ఖర్చు కొంత కలిసొచ్చింది, చెరువూ లోతైంది. పెద్ద రిజర్వాయర్‌లో పని అంత తేలిక కాదు, ఖర్చూ ఎక్కువే. అందుకే పూడిక తీయడం కన్నా మట్టిని ఎగువనే ఆపడం చవక. వాలుకు అడ్డంగా గట్లు, వాగుల మీద చిన్న చెక్‌డ్యామ్‌లు, చెట్లు.. పద్ధతులు అందరికీ తెలిసినవే. చిక్కల్లా నది పరీవాహకం మూడు రాష్ట్రాల్లో ఉండటమే. మహారాష్ట్రలో కదిలిన మట్టి బాన్సువాడ వరి మడికి నీళ్లు తగ్గిస్తుంది.

ఏటా జులై 11 వచ్చిందంటే చిత్రపటానికి పూలదండ, సభ, ప్రసంగాలు మామూలే. యూనివర్సిటీలు, ఇంజనీరింగ్ కాలేజీలు ఆ వారంలో సైన్స్, పర్యావరణం మీద పెట్టే ఉపన్యాసాల్లో ఈ ఒక్క లెక్కను జనం ముందు పెడితే బాగుంటుంది. 530 ఎక్కడ, 8,725 ఎక్కడ? ఈ ఏడాది నిజాంసాగర్‌లో ఎంత మట్టి చేరింది? వచ్చే 30 ఏళ్లలో ఎంత జాగా మిగులుతుంది? ఆయకట్టు రైతు కూడా వచ్చి కూర్చుని వినే లెక్క ఇది. జీవితమంతా నీళ్లను కొలిచిన ఇంజనీర్‌కు ఏటా పూడికను కొలిచి బోర్డు మీద రాయడం కన్నా మంచి నివాళి ఏముంటుంది?