సైన్యం వద్దన్న సేనాని – హోసే ఫిగెరెస్

ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో ఒక ప్రముఖుని జీవితాన్ని పరిచయం చేసుకోవడం మనకు అలవాటు. ఈసారి మనలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక నాయకుణ్ణి ఎంచుకున్నాం. ఆయన తుపాకీ పట్టి అంతర్యుద్ధం చేశారు. గెలిచారు. గెలిచిన ఏడు నెలలకే తన దేశంలో సైన్యం అనేదే ఉండకూడదని నిర్ణయించారు. ఆయన పేరు హోసే ఫిగెరెస్ ఫెరర్. ఆయన దేశం కోస్టారికా. అక్కడి జనం ఆయనను అభిమానంగా దోన్ పెపే అని పిలుచుకున్నారు.

సైన్యం లేని దేశమంటే మనకు ఒక పట్టాన నమ్మకం కుదరదు. శత్రువు వస్తే ఎవరు అడ్డుకుంటారు? సరిహద్దు ఎవరు కాస్తారు? ఈ అనుమానాలు మాకూ వచ్చాయి. వాటికి జవాబు ఆయన జీవితంలోనే ఉంది కనుక ఆ కథను మొదటినుంచి చెప్పుకుందాం.

బాల్యం, చదువు

కోస్టారికా మధ్య అమెరికాలో ఒక చిన్న దేశం. ఉత్తరాన నికరాగువా, ఆగ్నేయాన పనామా, ఒకవైపు పసిఫిక్ మహాసముద్రం, మరోవైపు కరీబియన్ సముద్రం. విస్తీర్ణం సుమారు 51 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కూడా ఉండదు. ఆ రోజుల్లో కాఫీ, అరటి తోటలే అక్కడి ప్రజలకు ఆధారం. ఆ దేశంలోని సాన్ రమోన్ అనే ఊళ్లో 1906 సెప్టెంబర్ 25న ఫిగెరెస్ జన్మించారు. తల్లిదండ్రులు స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతం నుంచి వలస వచ్చినవారు. తండ్రి డాక్టరు, తల్లి ఉపాధ్యాయిని. నలుగురు పిల్లల్లో ఆయనే పెద్దవాడు.

ఇంజనీరింగ్ చదవాలనే ఆశతో 1924లో అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్లారు. కానీ డిగ్రీ పూర్తి కాలేదు. పొట్ట పోసుకోవడానికి పని చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా అక్కడి ప్రజా గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నారు. ఆయనకు ఆ గ్రంథాలయమే కాలేజీ అయ్యింది.

1928లో స్వదేశానికి తిరిగివచ్చి, కొండ ప్రాంతంలో ఒక బీడు భూమి కొన్నారు. దానికి లా లూచా సిన్ ఫిన్ అని పేరు పెట్టారు. అంతులేని పోరాటం అని దాని అర్థం. అక్కడ కాఫీతోపాటు మన కిత్తనారలాంటి నార మొక్కలను పెంచి, తాళ్లు, సంచులు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టారు. పనివాళ్లకు ఇళ్లు కట్టించారు, వైద్యం ఏర్పాటు చేశారు, వాళ్ల పిల్లలకు ఉచితంగా పాలు ఇప్పించారు. ఆయన రాజకీయ ఆలోచనలకు పునాది ఆ పొలంలోనే పడింది.

రేడియో ప్రసంగం, దేశ బహిష్కారం

అప్పటి అధ్యక్షుడు రఫాయెల్ కాల్డెరోన్ గ్వార్దియా. కార్మికులకు సామాజిక బీమా, కార్మిక చట్టం తెచ్చింది ఆయనే, ఆ మంచిని కాదనలేం. అయితే ఎన్నికల్లో అక్రమాలు, అవినీతి పెరిగాయని ఆయన ప్రభుత్వం మీద విమర్శలు ఉండేవి. 1942 జూలైలో జర్మన్ జలాంతర్గామి ఒకటి కోస్టారికా రేవులో ఓడను ముంచింది. ఆ కోపంలో రాజధాని సాన్ హోసేలో గుంపులు దుకాణాలను లూటీ చేశాయి. ప్రభుత్వం చూస్తూ ఊరుకుందంటూ ఫిగెరెస్ జూలై 8న రేడియోలో సమయం కొనుక్కుని ప్రసంగించారు. ప్రసంగం పూర్తికాకముందే పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. తర్వాత దేశం నుంచి వెళ్లగొట్టారు. మెక్సికోలో రెండేళ్లు గడిపి 1944లో తిరిగివచ్చారు. అప్పటికి ఆయన ఊరూ పేరూ దేశమంతా తెలిసిపోయాయి.

నలభై నాలుగు రోజుల యుద్ధం

1948 ఫిబ్రవరి 8న అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. కాల్డెరోన్ మళ్లీ పోటీ చేశారు. ప్రతిపక్ష అభ్యర్థి ఒతీలియో ఉలాతే గెలిచినట్టు ఫలితం వచ్చింది. కానీ మార్చి 1న పార్లమెంటు ఆ ఎన్నికను రద్దు చేసింది. మార్చి 12న ఫిగెరెస్ తన పొలం కేంద్రంగా తిరుగుబాటు ప్రారంభించారు. ఆయన వెంట నిలిచినవారిలో ఎక్కువమంది సైనిక శిక్షణ లేని మామూలు మనుషులు. ఆయుధాలు గ్వాటెమాలా నుంచి విమానాల్లో వచ్చాయి. యుద్ధం 44 రోజులు సాగింది. సుమారు 2 వేల మంది చనిపోయారని అంచనా. 1950 లెక్కల ప్రకారం ఆ దేశ జనాభా 8 లక్షలు. అంత చిన్న దేశానికి అది ఎంత పెద్ద దెబ్బో మనం ఊహించుకోవచ్చు.

గెలిచిన ఫిగెరెస్ 1948 మే 8న తాత్కాలిక పాలక మండలికి అధ్యక్షుడయ్యారు. బ్యాంకులను జాతీయం చేశారు. ధనికుల ఆస్తిపై 10 శాతం పన్ను వేశారు. తాను ఓడించిన కాల్డెరోన్ తెచ్చిన కార్మిక చట్టాలను మాత్రం రద్దు చేయకుండా ఉంచారు.

సమ్మెట దెబ్బ

1948 డిసెంబర్ 1న సాన్ హోసేలోని బెయావిస్తా సైనిక స్థావరంలో ఒక సభ జరిగింది. ఫిగెరెస్ సమ్మెట తీసుకుని కోట గోడ మీద కొట్టారు. ఆ స్థావరం తాళాలను విద్యాశాఖకు అప్పగించారు. అక్కడ జాతీయ మ్యూజియం పెట్టాలని నిర్ణయించారు.

ఈ నిర్ణయం వెనుక ఉన్నది ఆదర్శం ఒక్కటే కాదు. పొరుగు దేశాల్లో సైన్యాలు ప్రభుత్వాలను కూల్చడం ఆయన చూశారు. పాత సైన్యం ఓడిన పక్షానికి చెందినది. తన వెంట వచ్చిన సాయుధులైనా రేపు తన మీదికి తిరగరని నమ్మకం లేదు. నిజంగానే 1949 ఏప్రిల్‌లో ఆయన మంత్రి ఎడ్గార్ కార్దోనా తిరుగుబాటు చేసి, విఫలమయ్యారు. సైన్యం లేకపోతే దాన్ని ఎవరూ చేజిక్కించుకోలేరన్న లెక్క కూడా ఆ సమ్మెట దెబ్బలో ఉందని మేము అర్థం చేసుకున్నాం.

పది రోజులకే పరీక్ష

సైన్యం రద్దయిన పది రోజులకే నికరాగువా వైపు నుంచి కాల్డెరోన్ అనుచరులు సాయుధులై సరిహద్దు దాటారు. అప్పుడు ఫిగెరెస్ ఏం చేశారు? అమెరికా ఖండాల దేశాలు 1947లో రియో డి జనీరోలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒక దేశంపై దాడి జరిగితే అందరిపై దాడి జరిగినట్టే భావించాలన్నది దాని సారం. అది 1948 డిసెంబర్ 3న అమల్లోకి వచ్చింది. కోస్టారికా వెంటనే ఆ ఒప్పందం కింద ఫిర్యాదు చేసింది. అమెరికా దేశాల సంస్థ విచారణ బృందాన్ని పంపింది. 1949 ఫిబ్రవరిలో రెండు దేశాలూ స్నేహ ఒప్పందంపై సంతకం చేశాయి.

1955 జనవరిలో రెండోసారి దాడి జరిగింది. దాని వెనుక నికరాగువా నియంత సొమోసా అండ ఉంది. అప్పుడు పోలీసులతోపాటు సాధారణ పౌరులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. అమెరికా దేశాల సంస్థ మళ్లీ జోక్యం చేసుకుంది. అమెరికా ఒక్కొక్కటి ఒక్క డాలరు చొప్పున నాలుగు యుద్ధ విమానాలను కోస్టారికాకు అమ్మింది. దాడి చేసినవారు వెనుదిరిగారు. పెద్ద దేశం దయ మీద ఆధారపడాల్సి రావడం ఈ పద్ధతిలోని బలహీనత అన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది.

రాజ్యాంగంలో ఏం రాసుకున్నారు?

1949 నవంబర్ 7న కోస్టారికా రాజ్యాంగం ఆమోదం పొందింది. బాబాసాహెబ్ అంబేద్కర్ రచనా సంఘం అధ్యక్షుడిగా తయారైన మన రాజ్యాంగం ఆమోదం పొందింది అదే నెల 26న. రెండింటి మధ్య 19 రోజులే తేడా! పాలక మండలి ఇచ్చిన ముసాయిదాను అక్కడి రాజ్యాంగ సభ తిరస్కరించింది, అయినా సైన్యం రద్దును 12వ అధికరణంలో చేర్చింది. దాని ప్రకారం శాశ్వత సైన్యం ఉండకూడదు. శాంతిభద్రతలు పోలీసులు చూస్తారు. ఖండాంతర ఒప్పందం కోసమో, దేశ రక్షణ కోసమో మాత్రమే సైన్యాన్ని ఏర్పాటు చేయవచ్చు. అది కూడా ఎప్పుడూ పౌర ప్రభుత్వానికి లోబడే ఉండాలి. ఎన్నికల సమయంలో పోలీసులు పక్షపాతం చూపకుండా ఆదేశాలిచ్చే అధికారాన్ని ఎన్నికల ట్రిబ్యునల్‌కు ఇచ్చారు.

స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది ఆ రాజ్యాంగంతోనే. జమైకా నుంచి వలస వచ్చి రైలు మార్గాల్లో, అరటి తోటల్లో పనిచేసిన నల్లజాతి కూలీల సంతానానికి పౌరసత్వం దక్కే దారి కూడా 1949లోనే తెరుచుకుంది. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, పరాయివాళ్లుగా బతకడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

అధికారం అప్పగింత

మేము ఈ జీవితంలో అన్నిటికంటే మెచ్చుకున్న విషయం మరొకటుంది. 1949 నవంబర్ 8న ఫిగెరెస్ అధికారాన్ని ఎన్నికల్లో గెలిచిన ఉలాతేకు అప్పగించి ఇంటికి వెళ్లిపోయారు. తర్వాత జాతీయ విమోచన పార్టీని స్థాపించి, 1953 ఎన్నికల్లో గెలిచారు. దేశ స్థాయిలో స్త్రీలు మొదటిసారి ఓటేసిన ఎన్నిక అది. 1958లో తన పార్టీ అభ్యర్థి ఓడిపోతే మారుమాట లేకుండా దిగిపోయారు. 1970 నుంచి 1974 వరకు మళ్లీ అధ్యక్షుడిగా పనిచేశారు. 1990 జూన్ 8న కన్నుమూశారు.

ఆయనలో మచ్చలు లేవని మేము అనడం లేదు. యుద్ధం తర్వాత కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు. ఆయన పాలనలోనే 1948 డిసెంబర్ 19న ఆరుగురు ప్రత్యర్థి ఖైదీలను బందోబస్తుగా వెళ్లినవారే కాల్చి చంపారు. 1970ల్లో అమెరికాలో ఆర్థిక నేరాల ఆరోపణలున్న రాబర్ట్ వెస్కోకు ఆశ్రయమిచ్చి విమర్శల పాలయ్యారు. మనిషిని మెచ్చుకోవాలంటే ఇవన్నీ దాచనక్కరలేదు.

ఆ తర్వాత ఏమైంది?

1948 తర్వాత గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడోర్ దేశాలు సైనిక కుట్రలు చూశాయి. కోస్టారికాలో మాత్రం ఎన్నికైన ప్రభుత్వాన్ని తుపాకీతో కూల్చిన ఘటన లేదు. 2010లో ఇస్లా కాలేరో అనే సరిహద్దు భూమిలోకి నికరాగువా సైనికులు వచ్చినప్పుడు కోస్టారికా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 2015 డిసెంబర్ 16న ఆ భూమి కోస్టారికాదేనని తీర్పు వచ్చింది. 2018లో సుమారు 3 లక్షల 79 వేల డాలర్ల పరిహారం కూడా ఖరారైంది.

సమస్యలు లేవని కాదు. 2023లో 900కు పైగా హత్యలు జరిగాయి. విద్యకు స్థూల దేశీయోత్పత్తిలో 8 శాతం ఇవ్వాలని 2011లో రాజ్యాంగంలో రాసుకున్నా, అంత ఇవ్వడం లేదన్న విమర్శ ఉంది.

మన హాస్టళ్ల నుంచి సైన్యంలో చేరి సరిహద్దుల్లో పనిచేసిన అన్నలు ఎందరో ఉన్నారు. వారి సేవను తక్కువ చేయడానికి ఈ వ్యాసం రాయలేదు. మన దేశం పరిమాణం వేరు, ఇరుగుపొరుగు వేరు. కోస్టారికా చేసిందే అందరూ చేయాలని మేము అనడం లేదు. అయితే సైన్యాన్ని తీసేసినంత మాత్రాన వాళ్లు రక్షణను వదులుకోలేదు. దాన్ని ఒప్పందాలకు, కోర్టుకు, పోలీసులకు, సరైన ఎన్నికలకు పంచి ఇచ్చారు. మిగిలిన డబ్బు బడికి, ఆసుపత్రికి వెళ్లాలనుకున్నారు. ప్రభుత్వ బడ్జెట్‌లో ఒక పద్దు మీద ఆధారపడి భోజనం చేస్తూ, చదువుకుంటూ పెరిగిన మనకు, డబ్బు ఏ పద్దు కింద రాస్తారన్నది ఎంత పెద్ద విషయమో బాగా తెలుసు.

గ్రూప్స్‌కు చదివే సీనియర్లు డిసెంబర్ 1వ తేదీని గుర్తుపెట్టుకోండి. ఆ దేశంలో అది సైన్యం రద్దు దినం. బెయావిస్తా బురుజుల మీద 1948 నాటి తూటాల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. లోపల మ్యూజియంలో బడిపిల్లలు తిరుగుతుంటారు.